తలుపు తీసేవాళ్ళ పేర్లు

అక్షరాలాయనకి ముక్కు మీదే కోపం. ఈ సంగతి వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఆ కోపం ముక్కు దాటి చేతిలోకి ఏనాడూ దిగలేదని కూడా వాళ్ళే చెబుతారు. ఇంటి ముందుగదిలో కూర్చుని, ఇత్తడి రేకుకి తెల్లరంగు పల్చగా పూసి, దాని మీద పెన్సిలుతో పేరు గీసి, ఉలితో చెక్కి, ఆ గుంటల్లో కరిగించిన నల్ల లక్క నింపి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నేమ్ ప్లేటు తయారుచేస్తాడాయన. వానకి తడిసినా ఎండకి మాడినా ఆ పేరు చెక్కుచెదరదు. ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు గానీ, ఆయన చెక్కిన పేర్లు చుట్టుపక్కల సగం గుమ్మాల మీద ఇప్పటికీ మెరుస్తున్నాయి.

పని బంగారం. మనిషికే కాస్త తిక్క. ప్లేటు కోసం ఎవరొచ్చినా ముందు ఒకటే ప్రశ్న. "మీ ఇంటి బెల్లు కొడితే తలుపు ఎవరు తీస్తారు?" తీసేవాళ్ళ పేర్లే చెక్కుతాడు. బయట నిలబడ్డవాడికి లోపల ఎవరున్నారో చెప్పడానికే నేమ్ ప్లేటు అని ఆయన వాదన. ఒకాయన తను వెలగబెట్టిన పదవులన్నీ వరసగా వేయమన్నాడు. "పదవులొచ్చి తలుపు తీస్తాయా?" అని సాగనంపాడు. ఇంకొకావిడ ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చే అన్నగారి పేరు అందరికన్నా పైన ఉండాలని పట్టుబట్టింది. "ఆయనొచ్చేదాకా పాలతను గుమ్మంలోనే నిలబడాలా?" అని ఆవిడ రేకు ఆవిడ చేతిలో పెట్టేశాడు.

రెండో పట్టింపు జంతువుల గురించి. ఇల్లు మనుషులది, జంతువులు గుమ్మం అవతల. కిటికీలో పిల్లి తోక కనబడితే చాలు, చేతిలో ఉన్న ఉప్పుకాగితం విసిరేవాడు. ఏనాడూ తగల్లేదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి నెత్తి మీదికి, అంటే పైవాటాలోకి, ఒక జంట అద్దెకి దిగింది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి పెరిగినవాళ్ళు. భర్త ఇంజనీరు, భార్య పిల్లలకి సంగీతం చెబుతుంది. మన మాట చక్కగా నేర్చుకున్నారు. కాకపోతే మనం మొహమాటపడి మింగేసే మాటలు కూడా వాళ్ళు హాయిగా పైకి అనేస్తారు.

"మాకు నేమ్ ప్లేటు కావాలండీ. మా ఇద్దరి పేర్లు, కింద సోఫియా అని," అంది సంగీతం టీచరు.

"సోఫియా ఎవరమ్మా?"

"మా చిన్నది. సిగ్గెక్కువ. కొత్తవాళ్ళు లోపలికొస్తే మంచం కింద దూరుతుంది. మీకింకా కనబడి ఉండదు."

"పాపం, ఊరు మారింది కదా, బెంగ పెట్టుకుని ఉంటుంది. అన్నం తింటోందా?"

"ఎక్కడండీ! గిన్నె ముందు పెడితే మొహం తిప్పేసుకుంటుంది. పక్కన కూర్చుని చేత్తో పెట్టాలి."

"మా అమ్మాయీ చిన్నప్పుడు అంతేనమ్మా," అని కరిగిపోయాడు అక్షరాలాయన. అయినా నియమం నియమమే. "మరి బెల్లు కొడితే వస్తుందా?"

"అయ్యో, మా ఇద్దరికన్నా ముందు గుమ్మం దగ్గర ఉండేది మా చిన్నదే! ఎవరొచ్చారో చూశాకే దానికి సిగ్గు."

ఇంకేం కావాలి? ఆ ప్లేటుకి ఆయన ప్రాణం పెట్టాడు. పెద్దవాళ్ళ పేర్లు మామూలుగా చెక్కి, సోఫియా పేరు చుట్టూ మాత్రం ఒక సన్నని తీగ, తీగకి మూడు ఆకులు, చివర ఒక మొగ్గ వేశాడు. కన్నకూతురి పేరుకి కూడా అంత హంగు చేయలేదు. అడిగితే చేసేవాడు కాదు కూడా.

ప్లేటు బిగించడానికి తనే స్వయంగా పైకెళ్ళాడు. మరలు నాలుగూ తిప్పి, ఒకసారి తుడిచి, బెల్లు కొట్టాడు. లోపలినుంచి గోళ్ళ చప్పుడు టకటకా వచ్చింది. తలుపు తెరుచుకోగానే మూతి నెరిసిపోయి, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిపోయిన ముసలి కుక్క ఒకటి ఆయన చెప్పులు వాసన చూసి, మొహంలోకి చూసి, పరుగున వెళ్ళి మంచం కింద దూరింది.

"సోఫియా! రా తల్లీ, అంకుల్ నీ పేరెంత బాగా రాశారో చూద్దువుగాని!" అని పిలిచింది సంగీతం టీచరు.

అక్షరాలాయన పిల్ల కోసం గదంతా కళ్ళతో వెతికాడు. పిల్ల లేదు. మంచం కిందినుంచి వాలిన చెవి మాత్రం కనబడుతోంది. ఆయన గుడ్లు తేలేశాడు.

"అమ్మా, ఇది కుక్క."

"అవునండీ."

"మీరు చిన్నది అన్నారు."

"మా ఇంట్లో చిన్నది అదే కదండీ!"

"నేను కుక్క పేరు చెక్కను."

"చెక్కేశారుగా!" అందావిడ నిజంగానే ఆశ్చర్యపోయి. "అయినా మీ నియమం ప్రకారమే కదండీ చెక్కారు. ఇప్పుడు బెల్లు కొడితే ముందు ఎవరొచ్చారు?"

"వచ్చింది సరే, తలుపు తీసిందా?"

"గడియ అందితే తీసేదే."

అక్షరాలాయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. ఊడదీసి పారేద్దామనే తీశాడు. అప్పుడే సంగీతం టీచరు ఇంకో ప్రశ్న అడిగింది. దెప్పడానికి కాదు, పాపం తెలుసుకుందామనే అడిగింది. "మీ ఇంట్లో నేనెప్పుడు బెల్లు కొట్టినా తలుపు తీసేది మీ అత్తగారు. ఆవిడ పేరు మీ ప్లేటు మీద లేదేమండీ? ఆవిడ మీ ఇంట్లోవారు కాదా?"

అక్షరాలాయన స్క్రూడ్రైవరు మళ్ళీ జేబులో పెట్టుకుని, "వస్తానమ్మా," అని గబగబా మెట్లు దిగాడు. కింద మెట్టు దగ్గర అత్తగారు నిలబడి ఉంది, చేతిలో పాలగిన్నెతో. ఆవిడకి చెవుడు ఉందని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఏ మాటలకి ఉందో ఏ మాటలకి లేదో మాత్రం ఎవరికీ తెలీదు.

ఆవిడ గురించి కాస్త చెప్పాలి. కూతురి పురిటికి ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. బిడ్డకి నెల నిండగానే వెళ్ళిపోతానంది. తర్వాత పళ్ళొచ్చాక అంది, నడక వచ్చాక అంది, బడిలో వేశాక అంది. ఇప్పుడా మనవరాలు అమ్మమ్మ కన్నా పొడుగు. ఇన్నేళ్ళలో ఆవిడని వెళ్ళమన్నవాళ్ళు లేరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉండమన్నవాళ్ళూ లేరు. కూతురు ఆస్పత్రిలో నర్సు, పొద్దున్నే డ్యూటీకి పోతుంది. మనవరాలు బడికి పోతుంది. అల్లుడు ముందుగదిలో ఉలి పట్టుకుంటే లోకం తెలీదు. పాలతనికీ, గ్యాసతనికీ, ఇస్త్రీ అబ్బాయికీ, పొరుగింటావిడకీ తలుపు తీసేది అత్తగారే. ఇస్త్రీ అబ్బాయి పంటినొప్పి దగ్గర్నుంచి పొరుగింటావిడ వియ్యంకురాలి నోటిదూల దాకా ఆవిడకి తెలియని సంగతి లేదు.

ఆ మధ్యాహ్నం అల్లుడికి వడ్డిస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"సోఫియా పేరు ఎంత ముద్దుగా చెక్కారు అల్లుడుగారూ! తీగ కూడా వేశారు."

"పిల్లనుకున్నానండీ అత్తయ్యగారూ. మోసం! కుక్కని కూతురంటారా ఎవరైనా? మీరే చెప్పండి."

"మా ఇంట్లో ఆవు ఉండేది. పేరు పెట్టి పిలిచేవాళ్ళం. దానికి ఒళ్ళు వెచ్చబడితే మా నాన్న అన్నం ముట్టేవాడు కాదు. కానీ కూతురని ఎవరూ అనలేదు, మంచం ఎక్కనివ్వనూ లేదు. వీళ్ళు కూతురంటారు, మంచం ఎక్కిస్తారు. దేనికదే. మనకెందుకులెండి," అని కాసేపాగి అంది. "మీ నియమం మాత్రం నాకు తెగ నచ్చింది. తలుపు తీసేవాళ్ళ పేర్లే ఉండాలి. భలే మాట."

అక్షరాలాయన ముద్ద నోట్లో పెట్టుకుని తల ఊపాడు. తల ఊపాక గానీ అనుమానం రాలేదు.

మర్నాడు బెల్లు మోగింది. ముందుగదిలో ఆయన డాక్టరుగారి ప్లేటు మీద వంగి, ఊపిరి బిగబట్టి ఒక సున్నా తిప్పుతున్నాడు. బెల్లు మళ్ళీ మోగింది. గోడ అవతలినుంచి అత్తగారి గొంతు తాపీగా వచ్చింది.

"అల్లుడుగారూ! బెల్లు."

"మీరు తీయండి అత్తయ్యగారూ, చేతిలో పనుంది."

"నేనా? అయ్యో, ప్లేటు మీద ముగ్గురి పేర్లున్నాయి. ఆ ముగ్గురిలో ఒకరు తీయాలి. పరాయిదాన్ని, నేను తీస్తే బాగుంటుందా?"

మూడోసారి మోగేసరికి ఉలి జారింది. డాక్టరుగారి పేరులో సున్నాకి తోక మొలిచింది. లక్క వేళ్ళతో పరిగెత్తి తలుపు తీస్తే ఎదురుగా ఇస్త్రీ అబ్బాయి. "పెద్దమ్మగారికి ఒంట్లో బాగోలేదాండీ?" అన్నాడు. పెద్దమ్మగారు తలుపుకి రెండు బారల దూరంలో కుర్చీలో కూర్చుని, బఠాణీలు ఒలుస్తూ, నవ్వు ఆపుకోలేక బుగ్గలు పూరించి చూస్తోంది.

ఆ రోజునుంచి అక్షరాలాయన పాట్లు చూడాలి! పాలకి పరిగెత్తాలి, గ్యాసుకి పరిగెత్తాలి, వేరే ఇల్లనుకుని బెల్లు కొట్టినవాళ్ళకి కూడా పరిగెత్తాలి. కరిగిన లక్క గట్టిపడిపోయేది. గట్టిపడ్డ లక్క మళ్ళీ కరిగించేలోపు ఇంకో బెల్లు. ఒకసారి ఉండబట్టలేక, "మా అమ్మాయి పేరు మీద ఒట్టు, మిమ్మల్ని పరాయివారనుకోలేదండీ!" అన్నాడు.

"ఆ అమ్మాయి పేరు చెక్కిన రోజు నాకు గుర్తే అల్లుడుగారూ. పసిగుడ్డుని ఎత్తుకుని మీ పక్కనే నిలబడ్డాను. పాలు తాగే పిల్ల తలుపు తీసిందా? ఆ రోజు మీ నియమానికి జ్వరం వచ్చినట్టుంది."

నవ్వుతూనే అంది. నవ్వుతూనే బఠాణీల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అక్షరాలాయనకి మాత్రం ఆ నవ్వు ఎక్కడో గుచ్చుకుంది.

సాయంత్రం భార్య డ్యూటీ నుంచి వచ్చాక తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మ మంచం కింద పెట్టె ఎప్పుడైనా చూశారా?"

"ఏ పెట్టె?"

"పురిటికి తెచ్చిన పెట్టె. ఇప్పటికీ చీరలు అందులోంచే తీస్తుంది, ఉతికి మడతపెట్టి అందులోనే పెడుతుంది. అలమారాలో అర ఖాళీ చేసి ఇచ్చాను. వాడదు. వెళ్ళేటప్పుడు సర్దుకోవడం కష్టం అంటుంది."

అక్షరాలాయన లేచి ముందుగదిలోకి వెళ్ళి ఉలి పట్టుకున్నాడు. తప్పు ఒప్పుకుంటే ఓడిపోయినట్టు అవుతుంది కదా! మగమహారాజు పంతం మరి.

ఆ వారంలోనే పైవాళ్ళకి అర్జంటుగా ఊరు వెళ్ళాల్సిన పని పడింది. సంగీతం టీచరు సోఫియాని వెంటబెట్టుకుని కిందికి వచ్చింది. మధ్యాహ్నాలు అత్తగారు పైకి వెళ్ళి సోఫియా పక్కన కూర్చోవడం అప్పటికే అలవాటైపోయింది. అందుకే ఆవిడనే అడిగింది. "నాలుగు రోజులు మా చిన్నదాన్ని మీ ఇంట్లో ఉంచుకుంటారా అమ్మా?"

"నాదేముందమ్మా, చుట్టపుచూపుగా వచ్చినదాన్ని. చుట్టం ఇంకో చుట్టాన్ని ఎలా ఉంచుకుంటుంది? ఇంటాయన్ని అడగాలి," అని అత్తగారు అల్లుడి వైపు చూసింది.

"కుక్కా? ఇంట్లోనా? ససేమిరా!" అన్నాడు అక్షరాలాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"సరే అయితే, నేనే పైకెళ్ళి దానికి తోడుంటాను," అంది అత్తగారు. కోపం లేదు, ఏడుపు లేదు. లోపలికి వెళ్ళి మంచం కింద పెట్టె లాగి, మూత వేసి, చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. సర్దుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. సోఫియా తోక ఊపుకుంటూ ముందు నడిచింది. ఇన్నేళ్ళ కాపురం అంత తొందరగా గుమ్మం దాటుతుందని అక్షరాలాయన కలలో కూడా అనుకోలేదు.

ఇల్లు బోసిపోయింది. అన్నానికి లోటు లేదు, ఆవిడ కిందికి వచ్చి వండి వెళ్ళిపోతూనే ఉంది. కాకపోతే వచ్చినప్పుడల్లా బెల్లు కొట్టి, ఆయన తలుపు తీసేదాకా గుమ్మంలో ఒదిగి నిలబడి, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగేది. ఆ అడగడం ఆయన భరించలేకపోయాడు. కూతురు కూడా మూతి ముడుచుకుని, "అమ్మమ్మ పైనే ఉంటే నేనూ పైనే చదువుకుంటా," అని పుస్తకాలు పట్టుకుపోయింది. మిగిలింది తనూ, బెల్లూ.

చివరికి ఒక మధ్యాహ్నం మంచి మందపాటి ఇత్తడి రేకు ఒకటి ఎంచి తీశాడు. తెల్లరంగు పూశాడు. నాలుగు గీతలు గీశాడు. పై గీత అత్తగారికి. ముందు తలుపు తీసేవాళ్ళు ముందు, అది న్యాయం. పెన్సిలు నాలుకతో తడిచేసుకుని రేకు మీద పెట్టాడు.

పెట్టి, అలాగే ఉండిపోయాడు. ఆవిడ పేరేమిటి?

అత్తయ్యగారు. అంతకుమించి గుర్తు రావడం లేదు. పెళ్ళి శుభలేఖలో ఆవిడ పేరు ఉండే ఉంటుంది. చూశాడు కూడా. అప్పుడు ఆయన చూసింది అచ్చు ఎలా పడిందో! అక్షరాలు వంకరగా ఉన్నాయని అచ్చువేసినవాడిని తిట్టిన సంగతి గుర్తుంది గానీ, ఆ అక్షరాలు కలిస్తే ఏ పేరవుతుందో గుర్తు లేదు. భార్య 'అమ్మ' అంటుంది. కూతురు 'అమ్మమ్మ' అంటుంది. వీధి 'పెద్దమ్మగారు' అంటుంది. ఊరందరి పేర్లూ చెక్కిన మనిషి, ఆఖరికి సోఫియా పేరు కూడా తీగతో సహా చెక్కిన మనిషి, రోజూ తనకి అన్నం పెట్టే ఆవిడ పేరు తెలియక పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

భార్యని అడిగితే ఊరంతా చెప్పి నవ్వుతుంది. కూతుర్ని అడిగితే బడంతా చెప్పి నవ్వుతుంది. ఎటు చూసినా నవ్వులపాలే. లేచి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని మెట్లెక్కాడు.

పై గుమ్మానికి తను చెక్కిన ప్లేటే. బెల్లు కొట్టాడు. గోళ్ళ చప్పుడు ముందు వచ్చింది, చెప్పుల చప్పుడు వెనక. తలుపు తెరుచుకుంది. సోఫియా ఆయన చెప్పులు వాసన చూసింది. ఈసారి మంచం కింద దూరలేదు, అక్కడే కూర్చుంది.

"ఎవరు కావాలండీ?" అంది అత్తగారు. కళ్ళలో అల్లరి అలాగే ఉంది.

"మీరేనండీ," అన్నాడాయన. తల గోక్కున్నాడు. గోడ చూశాడు. కుక్కని చూశాడు. "అత్తయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీ పేరేంటండీ?"

అత్తగారి కళ్ళలో అల్లరి ఆగిపోయింది. "నా పేరెందుకు?"

"చెక్కడానికి. రేకు కోశాను, గీతలు గీశాను. పై గీత మీదే. పేరు మాత్రం నాకు తెలీదు. ఇన్నేళ్ళుగా తెలీదు. నన్ను చెప్పు పెట్టి కొట్టినా పడతాను."

ఆవిడ కొంగు సవరించుకుంది. తర్వాత తన పేరు చెప్పింది. ఆ పేరు తన నోటితో చెప్పే పని పడి ఎంత కాలమైందో, సగంలో తడబడింది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అక్షరాలాయన చెవి మీది పెన్సిలు తీసి, కాగితం తెచ్చుకోలేదు గనక తన అరచేతిలో రాసుకున్నాడు.

"ఏదీ, చూపించండి," అని ఆయన చెయ్యి పట్టుకుని చదువుకుంది. "దీర్ఘం మరిచిపోయారు. తప్పు రాస్తే ఒప్పుకోను సుమండీ."

దీర్ఘం దిద్దుకుని, ఆయన వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. "ఆ సోఫియాని కూడా తీసుకొచ్చేయండి. పైన ఒక్కత్తీ ఏం చేస్తుంది? మంచం మాత్రం ఎక్కనివ్వను," అన్నాడు వెనక్కి చూడకుండా.

అత్తగారు సోఫియాని తీసుకుని కిందికి వచ్చింది గానీ, పెట్టె మాత్రం పైనే ఉంచింది. ఆయన కొత్త ప్లేటు బిగించాడు. పై గీతలో అత్తగారి పేరు, చుట్టూ తీగ, తీగకి ఆకులు. ఈసారి మొగ్గ కాదు, పువ్వే వేశాడు. లోపలికొచ్చి చేతులు కడుక్కుంటూ ఉండగా బెల్లు మోగింది.

"అత్తయ్యగారూ, బెల్లు!" అని కేకేశాడు. ఇక తను పరిగెత్తక్కర్లేదు కదా! జవాబు లేదు. సోఫియా మాత్రం తలుపు దగ్గరికి పరిగెత్తి తోక ఊపుతోంది. బెల్లు ఆపకుండా మోగుతోంది. మళ్ళీ మొదలెట్టిందా ఈవిడ అనుకుంటూ తడిచేతులతో వెళ్ళి తలుపు తీశాడు.

బయట అత్తగారు, ఒక చేతి వేలు బెల్లు మీద, ఇంకో చేతిలో పెట్టె. తన పేరు తానే పూర్తిగా పలికి, "ఉన్నారాండీ ఇంట్లో?" అని అడిగింది.

అక్షరాలాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళు చెమర్చాయి. "ఉన్నారండీ. ఇక్కడే ఉంటారు," అన్నాడు.

ఆవిడ లోపలికి వచ్చి, పెట్టెలోని చీరలన్నీ అలమారాలో ఆ ఖాళీ అరలో పెట్టుకుంది. ఉత్త పెట్టె తెచ్చి అల్లుడి చేతికిచ్చి, కుర్చీ జరిపి, అటక చూపించింది. ఆయన కుర్చీ ఎక్కి పెట్టె అటక అంచున పెట్టాడు.

"అక్కడ కాదు అల్లుడుగారూ. ఇంకా లోపలికి తొయ్యండి. నా చేతికి అందకూడదు."